గట్టు మీద మిగిలిన జత

అమీర్‌పేట రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే మొలుస్తున్న ఆ రోజుల్లో, మా హాస్టల్లో నాకన్నా తెలివైనవాడు లేడని నాకో గట్టి అభిప్రాయం ఉండేది. ఆ అభిప్రాయం ఒక సాయంత్రం సాగర్ నీళ్ళలో పడి మునిగిపోయింది. ఇన్నేళ్ళయినా తేలలేదు. నా తెలివితక్కువతనాన్ని మీరు మధ్యలో కనిపెట్టి నవ్వేకంటే ముందే ఒప్పుకోవడం మర్యాద కనుక చెప్పేస్తున్నాను: నీళ్ళలో పడని మనిషి కోసం చెరువంతా గాలించినవాణ్ణి నేను. అదీ అల్లాటప్పాగా కాదు, ఇంజను పడవ మీద, మెడలో విజిలు వేసుకుని, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని మరీ గాలించాను.

నేను కోస్తా నుంచి అమీర్‌పేట వచ్చింది కంప్యూటర్ కోర్సు కోసం. కోర్సు అయింది గానీ ఉద్యోగం కాలేదు. ప్రతి ఇంటర్వ్యూలోనూ నీళ్ళు నమిలేవాణ్ణి. అది చూసే కాబోలు, చివరికి నీళ్ళ ఉద్యోగమే దొరికింది. పంజాగుట్ట చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో, సెల్‌ఫోన్ కవర్ల దుకాణం పైన, రెండు గదుల ఆఫీసు. చెరువుల్లో, రిజర్వాయర్లలో ఎక్కడ మనుషులు నీళ్ళ మీద పనిచేస్తున్నా, వాళ్ళకి కాపలాగా ఒక రక్షణ పడవ పెట్టడం మా కంపెనీ వ్యాపారం. ఎవరైనా జారి పడితే వెంటనే వెళ్ళి పైకి లాగాలి. ఎవరూ పడకపోతే ఊరికే చూస్తూ ఉండాలి. సామాన్లు మోయకూడదు, చేపలు పట్టకూడదు, ఫోను చూడకూడదు. అంటే ఏ పనీ చేయకపోవడమే మా పని. ఈ లక్షణం నాలో చిన్నప్పటి నుంచీ ఉందని మా ఇంట్లో అందరూ అనేవారు గానీ, దానికి జీతం ఇస్తారని ఎవరికీ తెలియదు. ఇంటర్వ్యూలో మేనేజర్ గారు అన్నీ అడిగారు, ఈత వచ్చా అని తప్ప. (రాదు. మీది గోదావరి జిల్లానా అని అడిగి, అవునండీ అనగానే ఆయన తృప్తిపడిపోయారు.)

మేనేజర్ గారు కూడా మా వైపువారే. పొద్దున్నే ఆఫీసుకొస్తే తాళం తీసేముందు, రాత్రి తాళం తానే వేశాడా లేదా అని తాళాన్నే అనుమానంగా చూసే మనిషి. మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి ఉపదేశం చేశారు. "చూడవయ్యా, మన పనిలో నమ్మకం అనేది పెద్ద జబ్బు. మేస్త్రి చెప్పింది నమ్మకు. పడవవాడు చెప్పింది అసలు నమ్మకు. నీ కళ్ళను కూడా ఒకసారి కడుక్కుని నమ్ము. మన కాపలాలో ఒక్క మనిషి పోయాడంటే కంపెనీకి ఆ పని పోతుంది, నీకు ఉద్యోగం పోతుంది. అర్థమైందా?" అర్థమైందన్నాను. నిజంగా అర్థం చేసుకున్నానా అని ఆయన అనుమానించారు.

నన్ను వేసింది ఊరి నడిమధ్య ఉన్న సాగర్ మీద. అప్పట్లో నీళ్ళ మీద గుర్రపుడెక్క ఆకుపచ్చ దుప్పటిలా కప్పేసి ఉండేది. దాన్ని కోసి ఒడ్డుకు లాగే కూలీలు తెప్పల మీద పనిచేసేవాళ్ళు. వాళ్ళకి కాస్త దూరంలో ఇంజను గుడగుడమనిపిస్తూ మా పడవ. నేను మధురానగర్ హాస్టల్ నుంచే నారింజ రంగు లైఫ్‌జాకెట్ తొడుక్కుని షేర్ ఆటో ఎక్కేవాణ్ణి. చూసినవాళ్ళు నన్నేదో పెద్ద అధికారి అనుకోవాలని నా కోరిక. ఒకాయన మాత్రం, "అన్నా, ఆ బొంత జర తీసి ఒళ్ళ పెట్టుకోరాదు? మనుషులు కూసోవాలె" అన్నాడు.

పడవ నడిపేది కప్తాన్ భాయ్. అసలు పేరు ఎవరూ పిలవగా నేను వినలేదు. సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో ఇంజన్లు బాగుచేసి, వాటితో విసిగి, నీళ్ళ మీదికి వచ్చినవాడు. తెల్లటి గడ్డం, నల్లటి కళ్ళద్దాలు. ఆ అద్దాల వెనక కళ్ళు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో తెలుసుకోవడమే నేను మొదటి వారం మొత్తం చేసిన పరిశోధన. నేను వంగి చూసినప్పుడల్లా, "క్యా సార్, నేను మేల్కొనే ఉన్న. మీరు నిద్రపోండి ఆరామ్‌గ" అనేవాడు. నా అనుమానం అక్కడితో ఆగలేదు. పొద్దున కూలీలు రాకముందే ఆయన ఒక్కడే పడవేసుకుని ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. ఎందుకు? సీటు కింద గోనెసంచీ చుట్టిన ఒక స్టీలు క్యాను ఉండేది. అందులో ఏముంది? నేను దగ్గరికి వెళ్తే కాలితో లోపలికి నెట్టేవాడు. కంపెనీ డీజిలు బయట అమ్ముకుంటున్నాడని నేను తేల్చేశాను. (ఆ వయసులో నేను ఈదలేకపోయినా, ఏ విషయాన్నయినా చటుక్కున తేల్చగలిగేవాణ్ణి.) అడగలేదు గానీ, అడిగినట్టే చూసేవాణ్ణి. ఆయనా చెప్పలేదు గానీ, చూపు అర్థమైనట్టే నవ్వేవాడు.

తెప్పల మీద జారుతుందని కూలీలంతా చెప్పులు గట్టు మీద వరసగా విడిచి నీళ్ళలోకి దిగేవారు. సాయంత్రం ఎవరి జత వాళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయేవారు. గట్టు ఖాళీ అయితే నీళ్ళూ ఖాళీ అయినట్టే. కప్తాన్ భాయ్ ఇంజను ఆపేముందు ఒకసారి గట్టు వైపు చూడటం గమనించాను. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కూలీల మేస్త్రి హాజరు పట్టీలో ఎవరినైనా రాయొచ్చు, రాయకుండా ఎవరినైనా తేవచ్చు. తన తమ్ముణ్ణో, బామ్మర్దినో లెక్కలో లేకుండా దింపొచ్చు. కానీ చెప్పులు అబద్ధం ఆడవు కదా! ఆనాటి నుంచి నేను రోజూ సాయంత్రం చేతులు వెనక్కి కట్టుకుని, సేనాధిపతి సైన్యాన్ని చూసినట్టు చెప్పుల వరసను పరీక్షించేవాణ్ణి. కూలీలకి ఇదొక వినోదం. "సారుకు చెప్పుల దుకానం పెట్టే ఆలోచనున్నట్టుంది" అనుకునేవారు.

అలా ఉండగా ఒకనాడు కంపెనీ నాకు రబ్బరు బూట్లు పంపింది. మోకాళ్ళ దాకా వచ్చేవి. నా కాలికి రెండు సైజులు పెద్దవి. నేను నడుస్తుంటే బూట్లు ఒక అడుగు వెనక వచ్చేవి. కానీ అవి వేసుకుంటే ఎంత హుందాగా ఉందంటే, పొద్దున గట్టు మీదే కూర్చుని తొడుక్కుని, సాయంత్రం దాకా వాటినే చూసుకుంటూ గడిపాను. (నీళ్ళను చూడవలసినవాణ్ణి. సరే, ఒక కన్ను నీళ్ళ మీదే ఉంది.)

ఆ సాయంత్రం పని ముగిసింది. కూలీలు చెప్పులు తొడుక్కుని గట్టెక్కి, రోడ్డు పక్క మిర్చి బజ్జీల బండి దగ్గర గుమిగూడారు. నేను యథాప్రకారం తనిఖీకి వెళ్ళాను. గట్టు మీద ఒక జత మిగిలి ఉంది.

హవాయి చెప్పులు. నీలం పట్టీలు. ఎడమదాని పట్టీ తెగితే కింద పిన్నీసు గుచ్చి ఉంది. అటూ ఇటూ చూశాను. చెప్పుల్లేని కాళ్ళు ఎక్కడా లేవు. మేస్త్రి దగ్గరికి పరిగెత్తాను. బూట్లు తర్వాత వచ్చాయి.

"మేస్త్రీ, మీ వాళ్ళలో ఎవరు తక్కువ?"

"ఎవలు తక్కువ లేరు సారూ. అందరు గీడనే ఉన్నరు, బజ్జీలు తింటున్రు. సూడున్రి."

"మరి ఆ చెప్పులెవరివి?"

ఆయన చూశాడు. తల గోక్కున్నాడు. "మావోళ్ళయి గావు సారూ."

చూశారా, తల గోక్కున్నాడు! లెక్కలో లేని మనిషిని దింపి ఉంటాడు, వాడు గుర్రపుడెక్క కిందికి జారి ఉంటాడు, ఇప్పుడు మావాడు కాదంటున్నాడు. నా అనుమానం క్షణంలో పెరిగి పెద్దదై పెళ్ళీడుకొచ్చింది. "ఇవాళ కొత్తవాళ్ళెవరైనా వచ్చారా? నిజం చెప్పు!" అన్నాను. "పిల్లల మీద ఒట్టు సారూ, ఎవలు రాలే" అన్నాడు. అంత గబుక్కున ఒట్టు పెట్టుకున్నాడంటే ఏదో దాస్తున్నట్టే అనిపించింది. (ఒట్టు పెట్టకపోయినా అలాగే అనిపించేది.)

కానీ, నవ్వులకేం గానీ, ఆ పిన్నీసును మాత్రం వెనక్కి వెళ్ళి వంగి మరోసారి చూశాను. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టుకున్నాడంటే, ఆ మనిషి రేపు కూడా ఆ చెప్పులతో నడుద్దామనుకున్నవాడే కదా. ఎక్కడో ఏ ఇరుకు గదిలోనో ఎవరో వాడి కోసం అన్నం మూతపెట్టి ఉంచి ఉంటారు. వాడు నీళ్ళలో కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నప్పుడు నేను నా బూట్ల మెరుపు చూసుకుంటూ కూర్చున్నాను. ఈ ఆలోచన రాగానే ఉద్యోగం సంగతి కూడా మరిచిపోయాను.

"కప్తాన్ భాయ్! మనిషి పడ్డాడు! పడవ తీయండి!"

ఆయన గట్టు మీది చెప్పులను చూశాడు. నన్ను చూశాడు. నా బూట్లను చూశాడు. నల్లద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "అయ్యయ్యో" అన్నాడు చాలా నెమ్మదిగా. "చలో సార్, కూసోండి."

ఆఫీసుకు ఫోను చేశాను. "ఎవరు పోయారయ్యా?" అన్నారు మేనేజర్ గారు. "తెలీదండి." "ఎవరో తెలీకుండా పోయారని ఎలా తెలిసింది?" "చెప్పులున్నాయండి." "మేస్త్రి ఏమంటున్నాడు?" "అందరూ ఉన్నారంటున్నాడండి." "అయితే ఎవరో పోయే ఉంటారు. వస్తున్నా" అని పెట్టేశారు. ఆయనతో ఆ సౌకర్యం ఉండేది.

మేం తెప్పల చుట్టూ తిరిగాం. నేను పొడవాటి కర్రతో గుర్రపుడెక్కను పాయలు తీస్తూ, "ఓయ్! ఎవరక్కడ! ఓయ్!" అని అరుస్తున్నాను. విజిలు ఊదాను. కప్తాన్ భాయ్ అంత శ్రద్ధగా పడవ నడపడం అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"సార్, ఆయన మనిషెట్లుంటడంటరు?"

"నాకేం తెలుసు భాయ్? చెప్పులు చిన్నవే. బక్కగా ఉంటాడేమో."

"హా... బక్కగనే ఉంటడు. పొద్దున టిఫిన్ సుత సక్కగ తినడు."

"మీకెలా తెలుసు?"

"అందాజా సార్." పడవ ఎడమకు తిప్పాడు. "ఈత రాదు పాపం. పక్కా."

నేను వెతకడం ఆపి ఆయన వంక చూశాను. ఆయన నీళ్ళ వంకే చూస్తున్నాడు.

"పెండ్లి సుత కాలే అనుకుంట" అన్నాడు.

లెక్కలో లేని మనిషి సంగతి ఈయనకు ఇంత వివరంగా ఎలా తెలుసు? అంటే మేస్త్రీ, ఈయనా కలిసే ఉన్నారు! పొద్దున ఒంటరిగా తిరిగే ఆ చుట్టు, ఆ క్యాను, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. నేను మెల్లగా పడవ అవతలి చివరకు జరిగాను. లైఫ్‌జాకెట్ బిగించుకున్నాను. నన్ను కూడా నీళ్ళలోకి నెట్టేస్తే సాక్ష్యం ఉండదు మరి.

"మనిషి మంచోడే సార్" అన్నాడు నిట్టూరుస్తూ. "కాని మస్తు షక్కు. ఎవల్ని నమ్మడు. గదే ఆయన బీమారి."

అని, సీటు కింద నుంచి ఆ క్యాను బయటికి లాగి, మూత తీసి, స్టీలు గ్లాసులో పోసి నాకు అందించాడు. పొగలు కక్కుతున్న ఇరానీ చాయ్. ఇన్నాళ్ళ నా డీజిలు! "తాగండి సార్, గొంతు పోయింది మీది." నేను పుచ్చుకోలేదు. అందులో ఏం కలిపాడో ఎవరికి తెలుసు? ఆయన భుజాలెగరేసి తానే తాగేశాడు. తాగి, "ఇంకో రౌండ్ వేద్దామా సార్?" అన్నాడు ఎంతో వినయంగా. వేశాం. ఆ తర్వాత ఇంకోటి వేశాం.

పొద్దు వాలుతోంది. రోడ్డు మీద జనం పోగయ్యారు. బజ్జీల బండికి అంత గిరాకీ మళ్ళీ ఎప్పుడూ తగల్లేదట. మేనేజర్ గారు పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఈది ఈది, దుమ్ము కొట్టుకుపోయి, మాకు ఈ పని ఇచ్చిన ప్రభుత్వ శాఖ ఇంజనీరు గారిని వెంటబెట్టుకుని దిగారు. మేం పడవను గట్టుకు తెచ్చాం. నా గొంతు బొంగురుపోయింది. "దొరకలేదండి" అంటుంటే నిజంగానే ఏడుపొచ్చేసింది. "గజ ఈతగాళ్ళను పిలిపించండి. పోలీసులకు కూడా చెప్పండి. ఇక్కడ అందరి మీదా నాకు అనుమానంగా ఉంది."

సరిగ్గా అప్పుడే మెడలో ప్లాస్టిక్ కవర్లో వేలాడుతున్న నా ఫోను మోగింది. చేతులు తడిగా ఉన్నాయి. కవరు మీదే వేలితో నొక్కితే స్పీకరు కూడా నొక్కుకుంది. మా హాస్టల్ రూమ్మేటు. హనుమకొండ గొంతు, మైకు అక్కర్లేని గొంతు.

"అరేయ్, ఏడ సచ్చినవ్ రా?"

జనమంతా ఇటు తిరిగారు.

"నా చెప్పులేసుకపోయినవ్ గదరా! నీలం పట్టీలయి, ఎడమదానికి పిన్నీసు పెట్టింది! పొద్దుగాల్ల సంది బాత్రూం చెప్పులేసుకోని తిరుగుతున్న. క్లాసుల అందరు నవ్విన్రు. ఏడున్నవ్ రా నువ్వు?"

అమీర్‌పేట హాస్టళ్ళలో ఉన్నవాళ్ళకి దీని గురించి చెప్పనక్కర్లేదు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట ఉంటుంది. ముందు లేచినవాడి కాలికి మంచిది దొరుకుతుంది, చివర లేచినవాడికి మిగిలింది దొరుకుతుంది. ఏది ఎవరిదని ఎవడూ వంగి చూడడు. కాలు దూరితే మనదే. ఆ పొద్దున కరెంటు లేదు, నేను చీకట్లో కాలు దూర్చుకుని వచ్చేశాను. గట్టు మీద కూర్చుని, వాటిని విడిచి, బూట్లు తొడుక్కున్నాను. ఆ చెప్పులను నేను మొదటిసారి కళ్ళారా చూసింది సాయంత్రం, తనిఖీలోనే.

నేను తల వంచి నా బూట్లను చూసుకున్నాను. మేనేజర్ గారూ చూశారు. ఇంజనీరు గారూ చూశారు. కప్తాన్ భాయ్ ఇంజను ఆపేశాడు.

"ఏవయ్యా," అన్నారు మేనేజర్ గారు, "మనిషి దొరికాడా?"

"దొరికాడండి."

"ఎక్కడ?"

"బూట్లలో ఉన్నాడండి."

ఉద్యోగం ఆ క్షణంలోనే పోవలసింది. కానీ ఇంజనీరు గారు కాసేపు నవ్వు ఆపుకుని, ఆపుకోలేక నవ్వి, "ఎవరూ పడకపోతేనే ఇంత వెతికితే, పడితే ఇంకెంత వెతుకుతారండీ మీవాళ్ళు! వచ్చే ఏడు కూడా మీరే ఉండండి" అన్నారు. మేనేజర్ గారు ఆయన నిజంగా మెచ్చుకుంటున్నాడా అని అనుమానంగా చూశారు గానీ, నన్ను మాత్రం ఏమీ అనలేదు. జనం వెళ్ళాక కప్తాన్ భాయ్‌ని పట్టుకున్నాను.

"మీకు ముందే తెలుసు కదూ?"

"పొద్దుగాలనే చూసిన సార్, మీరు చెప్పులిడ్సి బూట్లేసుకుంటుంటే."

"మరి చెప్పలేదేం?"

"నేను చెప్తే మీరు నమ్ముతరా?" అన్నాడు. ఈసారి ఆయన పోసిన చాయ్ తాగాను. చల్లారిపోయింది గానీ బాగుంది. పొద్దున ఒంటరిగా తిరిగే ఆ చుట్టు సంగతి అడిగితే, "రాత్రి ఎవలన్న పడ్డరేమో చూసొస్త సార్" అన్నాడు.

మర్నాటి నుంచి నా పేరు డూబా సార్. డూబా అంటే మునిగినవాడు. కప్తాన్ భాయ్ పెట్టాడు, మేస్త్రి మోశాడు, పంజాగుట్ట ఆఫీసు కింద కవర్ల దుకాణం దాకా పాకింది. ఆ తర్వాత మెట్రో స్తంభాల మీద పట్టాలొచ్చాయి, రైళ్ళొచ్చాయి, మేనేజర్ గారి కుర్చీలోకి నేనొచ్చాను, పేరు మాత్రం మారలేదు. కొత్తగా చేరినవాళ్ళు నా ముందు నిలబడి, "మీరేనా సార్, ఆ..." అని ఆగిపోతారు. నేనే, అంటాను.

ఈ చలికాలం కప్తాన్ భాయ్ పని మానేశాడు. చివరి రోజు సాయంత్రం గట్టు మీదే చిన్న విందు పెట్టాం. బిర్యానీ డేగిసా దిగింది. నేను పంజాగుట్టలో మెట్రో ఎక్కి ఖైరతాబాద్‌లో దిగి, చేతిలో ఒక సంచీతో, అందరికంటే ముందే చేరాను. సంచీలో అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద కొన్న నీలం పట్టీల హవాయి చెప్పులు. ఎడమదానికి నేనే పట్టీ తెంపి, పిన్నీసు గుచ్చాను. కూలీలు చెప్పులు తొడుక్కుని పైకి వెళ్ళగానే, ఆ జతను వరస ఉన్న చోట పెట్టి, గట్టు మీదున్న మా సామాన్ల షెడ్డు వెనక దాక్కున్నాను. (ఈ వయసులో నడుం పట్టేసింది. అయినా సరే.)

ఆయన పడవ దగ్గర ఇంజను ఆపబోతూ, అలవాటుగా గట్టు వైపు చూశాడు. ఆగాడు. పైకి ఎక్కి వచ్చి, వంగి, పిన్నీసు దాకా చూశాడు.

"డూబా సార్! తమాషా చాలు, బైటికి రండి. బిర్యానీ సల్లగైతది."

నేను రాలేదు. ఇంకోసారి పిలిచాడు. ఆ పిలుపులో నవ్వు కొంచెం తగ్గింది. మూడోసారి పిలవలేదు. ఉర్దూలో నా గురించి ఏదో గొణుక్కుంటూ కిందికి దిగి, ఇంజను మళ్ళీ గుడగుడమనిపించి, తెప్పల చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. వంగి వంగి చూస్తూ, కర్రతో గుర్రపుడెక్కను పాయలు తీస్తూ. పైన అందరూ డేగిసా చుట్టూ ఎదురుచూస్తున్నారు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత రావడం ఆగిపోయింది.

ఆయన గట్టుకు వచ్చేసరికి అక్కడ నిలబడి ఉన్నాను.

"నావే అని తెలిసి కూడా ఎందుకు తిరిగారు భాయ్?"

"మీ మీద నమ్మకం లేక సార్" అన్నాడు ఆయాసపడుతూ. "ఇన్నేండ్లాయె, ఈత నేర్వలేదు. చెప్పులు పెట్టెటప్పుడు కాలు జారి నిజంగనే పడ్డరేమో, ఎవలికెరుక!"

ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాటను, ఆయన ఆనాడు అన్నంత వినయంగానే అన్నాను: "ఇంకో రౌండ్ వేద్దామా భాయ్?"

ఆయన నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. సీటు కింద నుంచి చాయ్ క్యాను తీస్తాడనుకున్నాను. లైఫ్‌జాకెట్ తీసి నా మొహాన కొట్టాడు.

"ముందుగాల ఇది ఏసుకోండి, డూబా సార్."